గొడ్ల చావిడి: వేడిని కప్పు దగ్గర ఆపాలి, గోడని ఆరనివ్వాలి

గొడ్ల చావిడి మీద పెట్టే డబ్బు మన ఊళ్లలో చాలామంది తలకిందులుగా పెడుతున్నారు. గోడలకు లోపలా బయటా సిమెంటు ప్లాస్టరింగు, దాని మీద వాటర్‌ప్రూఫ్ పెయింటు, అక్కడికే చేతిలో డబ్బు అయిపోతుంది, పైన మాత్రం ఉత్త రేకు. మే నెల మధ్యాహ్నం ఆ రేకు కింద గేదె నోరు తెరుచుకుని ఎగరొప్పుతూ ఉంటుంది, వానాకాలం వచ్చేసరికి ఆ ఖరీదైన ప్లాస్టరింగు పెచ్చులు పెచ్చులుగా ఊడి మేత వేసే గాడిలో పడుతుంది. వేడి వచ్చేది పైనుంచి, కాబట్టి ఇన్సులేషన్, అంటే వేడిని అడ్డుకునే పొర, కప్పుకి కావాలి. చెమ్మ వచ్చేది ఎక్కువగా కిందనుంచి, కాబట్టి గోడకి ఆరే దారి కావాలి. ఈ రెండూ కలిపేసి గోడని మూసి కప్పుని వదిలేయడం దగ్గరే మొత్తం చెడుతోంది.

చావిడి అనండి, కొట్టం అనండి, పాక అనండి, నేను చెప్పేది నాలుగు గొడ్ల నుంచి ఓ ఇరవై దాకా ఉండే మామూలు రైతు షెడ్డు గురించి. ఇటుక గోడో రాతి గోడో మట్టి గోడో, పైన రేకులు. పెద్ద డెయిరీలకు ఇంజనీర్లు ఉంటారు, వాళ్ల సంగతి వేరు.

ముందుగా ఒక అనుమానం తీర్చేస్తాను. యూట్యూబ్‌లో అమెరికా బార్న్‌ల వీడియోలు చూసి, గోడల్లో ఫోమ్ నింపి లోపలివైపు ప్లాస్టిక్ షీటు కొట్టించమంటారా అని అడిగేవాళ్లు ఉన్నారు. విస్కాన్సిన్, మిన్నెసోటా లాంటి చోట్ల చలికాలంలో బయట సున్నాకి ఇరవై డిగ్రీలు కిందకి కూడా పోతుంది. లోపల ఆవుల ఊపిరితో గాలి వెచ్చగా, తడిగా ఉంటుంది. ఆ తడి గోడలోకి దూరి చల్లటి చోట నీరుగా మారి చెక్కని లోపల్లోపలే కుళ్లబెడుతుంది. అందుకని వాళ్లు వెచ్చగా ఉండే వైపున, అంటే లోపలివైపున, ప్లాస్టిక్ అడ్డం పెడతారు. మన గోడలో తడి అలా పుట్టింది కాదు, నేలలోంచి ఎక్కింది, వాన చిమ్మింది, గొడ్డు పోసింది. అదే ప్లాస్టిక్ మన గోడకి కొడితే తడి దాని వెనకాలే కూర్చుంటుంది. కాబట్టి ఆ వీడియోలు సరదాకి చూడండి, మీ మేస్త్రీకి మాత్రం చూపించకండి.

ముందు కప్పు

జీఐ రేకు, అంటే జింకు పూత పూసిన ఇనుప రేకు, మే నెల ఎండకి 60, 70 డిగ్రీల దాకా కాగుతుంది. చెయ్యి పెడితే తెలుస్తుంది, వద్దులెండి. షెడ్డులో గాలి వేడి ఒక ఎత్తు, ఆ కాగిన రేకు కిందివైపు నుంచి పశువు వీపు మీదకి దిగే సెగ ఇంకో ఎత్తు. ఫ్యాను గాలిని కదుపుతుంది గానీ ఈ సెగని ఆపలేదు, అందుకే రెండు ఫ్యాన్లు తిరుగుతున్నా గేదె నిలబడి రొప్పుతూనే ఉంటుంది. గేదెకి నల్లతోలు, పల్చటి వెంట్రుకలు, పైగా చెమట గ్రంథులు ఆవుకన్నా బాగా తక్కువ, నీళ్లలో పడుకోవాలని దాని ఆరాటం ఊరికే కాదు. హెచ్‌ఎఫ్ అనే విదేశీ పాల జాతి ఆవులైతే మరీ సుకుమారం, గాలి 25, 26 డిగ్రీలు దాటిన దగ్గర్నుంచే మేత తగ్గించడం మొదలుపెడతాయి. రెంటచింతల, రామగుండం వైపు 45 దాటే రోజుల్లో ఆ ఆవు పరిస్థితి మీరే ఊహించుకోండి.

అన్నిటికన్నా చవకైన పని కప్పుని తెల్లగా చేయడం. తుప్పు పట్టిన రేకు ఎండలో చాలా భాగాన్ని తాగేస్తుంది, శుభ్రమైన తెల్ల పూత ముప్పాతిక వంతు దాకా వెనక్కి కొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఈ సూత్రం మీదే, అది ఇళ్లకీ ఆఫీసులకీ అయినా ఎండకి ఆ తేడా తెలీదు కదా. సిమెంటు రేకు అయితే మామూలు సున్నం చాలు, పట్టు కోసం కాస్త తెల్ల సిమెంటో ఫెవికాలో కలిపి రెండు పూతలు వేయండి. జీఐ రేకు మీద మాత్రం సున్నం వద్దు. పచ్చి సున్నం ఆ రేకు మీదుండే జింకు పూతని తింటుంది, పైగా నున్నటి రేకుకి పట్టక మొదటి వానకే కారిపోతుంది. దానికి కప్పుల కోసం అమ్మే తెల్లటి అక్రిలిక్ పెయింటే వేయాలి, తుప్పు ఉంటే గీకి, ప్రైమరు కొట్టి. ఏటా మాఘం, ఫాల్గుణం రోజుల్లో ఒకసారి కప్పు కడగడం మర్చిపోకండి, దుమ్ము పేరుకున్న తెలుపు తెలుపు కాదు.

తెలుపు ఒక్కటే చాలదు, దానికి తోడు ఒక పొర కావాలి. ఇక్కడ ఒక లెక్క అర్థమైతే షాపువాడు మిమ్మల్ని మోసం చేయలేడు. ఇన్సులేషన్ చేసే పనంతా నిజానికి కదలకుండా నిలిచిపోయిన గాలి చేస్తుంది, గడ్డి అయినా థర్మాకోల్ అయినా గాలిని చిన్న చిన్న అరల్లో బంధించి ఉంచడమే. ఒక అంగుళం థర్మాకోల్ వేడిని ఆపడంలో దాదాపు పద్దెనిమిది, ఇరవై అంగుళాల ఇటుక గోడకి సమానం. నాలుగంగుళాల ఎండుగడ్డి రెండంగుళాల థర్మాకోల్‌కి తీసిపోదు. అయితే అది ఎండు గడ్డి అయితేనే. నీరు నిశ్చల గాలికన్నా ఇరవై రెట్లకు పైగా వేడిని దాటిస్తుంది కాబట్టి తడిసిన గడ్డి కప్పు మీద ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే, పైపెచ్చు బరువు, కుళ్లు, రేకుకి తుప్పు.

అందుకే వరిగడ్డినో తాటాకునో నేరుగా రేకు మీద పరిచేయడం నాకు నచ్చదు. చాలామంది అలాగే చేస్తారు, మొదటి వేసవి బ్రహ్మాండంగా ఉంటుంది, రెండో ఏడు వానలకి రేకుకి చిల్లులు. దానికి బదులు రేకు మీద అడ్డంగా వెదురు బొంగులు కట్టి, వాటి మీద తడికలు పరిచి, ఆ పైన గడ్డి వేయండి. రేకుకీ తడికకీ మధ్య మూడు నాలుగంగుళాల సందు ఉండాలి, కింద చూరు దగ్గరా పైన నడికప్పు దగ్గరా ఆ సందు తెరిచి ఉండాలి. ఎండకి గడ్డి పైభాగం కాగినా, ఆ సందులో గాలి వేడెక్కి పైకి జారిపోతుంది, వాన తర్వాత గడ్డి అడుగు కూడా ఆరుతుంది. కోస్తాలో ఉండేవాళ్లు దీని మీద పాత చేపల వల పరిచి నాలుగు వైపులా తాళ్లతో గుంజలకి లాగి కట్టాలి, అక్టోబరు నవంబరు తుపాన్లు అడిగి రావు.

నిప్పు భయం ఉన్నచోట, అంటే వంట పొయ్యి దగ్గరగానో పక్కింట్లో టపాసుల సరదానో ఉంటే, పైన గడ్డి మానేసి కింద తడిక సీలింగు పెట్టుకోవచ్చు. రేకుకి ఒక అడుగు కిందగా వాసాలకి వెదురు తడికలు వేలాడదీయడమే. దానికి అడుగున పేడమట్టి పల్చగా అలికితే దుమ్ము రాలదు, తొందరగా అంటుకోదు. ఇక్కడ కూడా రేకుకీ తడికకీ మధ్య వేడి బయటికి పోయే దారి ఉండాలి, లేకపోతే అదొక పొయ్యి గదిలా తయారై సాయంత్రం ఏడు గంటల దాకా సెగ దించుతూనే ఉంటుంది.

పాదు పెంచే పద్ధతి పాతదే, కానీ తీసిపారేసేది కాదు. షెడ్డు పడమర వైపు రెండు సొర పాదులు, ఒక గుమ్మడి పెట్టి, కప్పు మీద వెదురు పందిరి వేసి ఎక్కిస్తే నీడా వస్తుంది, ఆకులు నీళ్లు ఆవిరి చేస్తాయి కాబట్టి చల్లదనమూ వస్తుంది. పాదు నేరుగా రేకు మీద పడితే తీగ మాడిపోతుంది, అందుకే పందిరి. ఏప్రిల్ నాటికి తీగ కప్పంతా పరుచుకోవాలంటే విత్తనం సంక్రాంతికే పడాలి.

ఇక షాపుల్లో అమ్మేవి. థర్మాకోల్ షీట్లు రేకు కింద అంటించి వదిలేయకండి. పిచ్చుకలు, ఎలుకలు తొలుస్తాయి, పొడి గాడిలో పడి గొడ్డు కడుపులోకి పోతుంది, అన్నిటికన్నా ముఖ్యం, నిప్పంటుకుంటే అది కరిగి మండుతూ చుక్కలు చుక్కలుగా కిందకి రాలుతుంది. కట్టేసిన పశువు మీద ఆ చుక్కలు పడటం తలుచుకుంటేనే భయం. వాడితే కింద మరో రేకో సిమెంటు బోర్డో వేసి పూర్తిగా కప్పాలి. దానికయ్యే ఖర్చు లెక్కేస్తే రెడీమేడ్ పఫ్ ప్యానెలే నయం. రెండు రేకుల మధ్య ఫోమ్ ఉంటుంది, ఈగ వాలే సందు కూడా ఉండదు. కొత్తగా కప్పు వేసేవాళ్లు, మేలుజాతి ఆవులు పెట్టేవాళ్లు దాని గురించి ఆలోచించవచ్చు, ఉన్న రేకులు పీకేసి మరీ వేయాల్సినంత అవసరం నాలుగు గేదెలకి లేదు.

వెండిలా మెరిసే బబుల్ షీటు గురించి అందరూ అడుగుతారు. అది పనిచేస్తుంది, కానీ దాన్ని రేకుకి అతికించి బిగిస్తే పెద్దగా పనిచేయదు. మెరిసే ముఖానికి ఎదురుగా కనీసం అంగుళం ఖాళీ గాలి ఉండాలి, అప్పుడే అది సెగని ఆపుతుంది, తగిలి ఉంటే వేడి నేరుగా దాటుకుపోతుంది. మెరుపు కిందివైపుకి ఉండేలా బిగిస్తే దుమ్ము పట్టడం కూడా తక్కువ. ఏడాదికోసారి గుడ్డతో తుడవాలి, ఎందుకంటే దుమ్ము పట్టాక అది మామూలు అట్టముక్కే.

పాత ఆస్బెస్టాస్ రేకులున్న షెడ్డు అయితే ఒక్క మాట. దాన్ని కోయడం, ఆరినదాన్ని డ్రిల్లు చేయడం, చీపురుతో పొడి ఊడ్చడం చేయకండి. ఆ నార పీల్చితే ఊపిరితిత్తులకి శాశ్వతమైన చేటు. తప్పనిసరైతే నీళ్లు చల్లి తడిపి, ముక్కుకి మంచి మాస్కు కట్టుకుని చేయాలి. పగలని రేకుని కదపకుండా సున్నం వేసి అలాగే ఉంచడం మేలు.

రేకుకి చెమట

డిసెంబరు, జనవరి తెల్లవారుజామున షెడ్డులో పైనుంచి చుక్కలు పడుతుంటాయి, కప్పు కారుతోందేమో అని మేస్త్రీని పిలుస్తారు, అతను తారు డబ్బా తెచ్చి చిల్లులు వెతుకుతాడు. చిల్లులు ఉండవు. మబ్బు లేని రాత్రి రేకు ఆకాశానికి వేడి వదిలేసుకుని బయట గాలికన్నా చల్లబడుతుంది, గొడ్ల ఊపిరిలో ఉన్న తడి దాని అడుగున మంచులా పట్టి కారుతుంది. ఆదిలాబాద్, పాడేరు వైపు ఇది చాలా ఎక్కువ. చలికి దూడలు వణుకుతాయని నాలుగు వైపులా పట్టాలు దించి కట్టేస్తారు, దాంతో తడి ఇంకా పెరుగుతుంది, తెల్లారేసరికి దూడ వీపు తడి, దాని వెనకే దగ్గు, న్యుమోనియా.

చలిగాలి గొడ్డుకి తగలకుండా పట్టా కట్టండి, తప్పులేదు, కానీ గొడ్డు వీపు ఎత్తు దాకానే కట్టండి. పైన చూరు కింద జానెడు సందు, నడికప్పు మీద రెండు వాలులు కలిసే చోట ఇంకో సందు ఎప్పుడూ తెరిచే ఉండాలి, దాని మీద వాన పడకుండా చిన్న టోపీ రేకు. గాలి బాగుందా లేదా తెలుసుకోవడానికి మీటర్లు అక్కర్లేదు. తెల్లవారుజామున షెడ్డులోకి అడుగుపెట్టగానే కళ్లు మండితే, ముక్కులో ఘాటు కొడితే, లోపల అమోనియా నిలిచిపోయినట్టు. అమోనియా నిలిచిన చోట తడి కూడా నిలిచినట్టే. కప్పు కింద తడిక సీలింగు ఉంటే ఈ చెమట తగ్గుతుంది, ఎందుకంటే వెచ్చటి ఊపిరి నేరుగా చల్లటి రేకుకి తగలదు.

గోడ: తడి ఎక్కడిదో తేల్చకుండా చెయ్యి పెట్టొద్దు

గోడ తడిగా ఉందనగానే పెయింటు డబ్బా కొనకండి, ముందు ఆ తడి ఆకారం చూడండి. నేలనుంచి మొదలై రెండు మూడడుగుల ఎత్తు దాకా అడ్డంగా గీత గీసినట్టు ఉండి, ఆ గీత దగ్గర తెల్లటి ఉప్పు పూస్తే అది పునాదిలోంచి ఎక్కుతున్న తడి. పైనుంచి మొదలై నాలుకలా కిందకి దిగితే కప్పుదో చూరుదో. బయటివైపు మాత్రమే అడుగున్నర ఎత్తున బురద చిమ్మినట్టు ఉంటే చూరు నీళ్లు నేలమీద పడి ఎగిరి కొడుతున్నాయి. ఒక్కచోటే మచ్చలా ఉంటే దాని వెనక కుడితి తొట్టో కుళాయి పైపో ఉంటుంది చూడండి.

అనుమానంగా ఉంటే అడుగు చదరం పాలిథిన్ కవరు తీసుకుని గోడకి నాలుగు అంచులా టేపు వేసి గాలి చొరకుండా అంటించండి. ఒకటి రెండు రోజులాగి చూస్తే, కవరుకి గోడవైపు నీటి చుక్కలుంటే తడి గోడలోంచి వస్తోంది, మనవైపు చుక్కలుంటే గాలిలో తడి. టేపు అంటనంత తడి గోడైతే ఇక పరీక్ష ఎందుకు.

గొడ్ల చావిడి గోడకి ఇళ్ల గోడలకి లేని జబ్బు ఇంకొకటి ఉంది, మేస్త్రీలు కూడా దీన్ని పట్టించుకోరు. ఒక్కో గేదె రోజుకి పది లీటర్లకి పైగా మూత్రం పోస్తుంది. అందులోని యూరియా అమోనియాగా మారుతుంది, దాన్ని మట్టిలోని సూక్ష్మజీవులు నైట్రేటుగా మారుస్తాయి, అది తడితో పాటు గోడలోకి ఎక్కి పేరుకుంటుంది. పాత కొట్టాల గోడల అడుగున తెల్లటి పొడి గీకి సురేకారం తీసేది ఇలాంటి మట్టిలోంచే, తుపాకి మందు తయారీకి ఒకప్పుడు దానికి ఎంతో గిరాకీ. గోడలో పేరుకునేవాటిలో కాల్షియం నైట్రేటు అనే ఉప్పు మరీ పెంకిది, గాలిలో తేమ సగానికి మించితే చాలు, దానంతట అదే నీళ్లు లాక్కుంటుంది. అంటే మీరు పునాది బాగుచేసినా, కప్పు బాగుచేసినా, ఆషాఢం రాగానే ఏ లీకూ లేకుండానే గోడ మళ్లీ తడుస్తుంది. ఎండాకాలం ఆ ఉప్పు గట్టిపడి స్ఫటికాలుగా పెరిగి ఇటుకని లోపల్నుంచి పగలగొడుతుంది, ఇటుక పొడిపొడిగా రాలడం అందుకే. దీని మీద ఎంత ఖరీదైన పెయింటు వేసినా ఊడకుండా ఉండదు.

కాబట్టి మొదటి పని మూత్రం గోడ దాకా పోకుండా చేయడం. గొడ్లని తోకలు గోడవైపు ఉండేలా కట్టేస్తుంటే తిప్పేయండి. తలలు గోడవైపు, తోకలు మధ్య నడవ వైపు ఉండాలి, మధ్యలో కాలువ, కాలువ వైపుకి నేల వాలు ప్రతి నలభై అడుగులకి ఒక అడుగు చొప్పున, తక్కువలో తక్కువ అరవైకి ఒకటి. గాడి గోడకి అంటుకుని కట్టొద్దు, గుప్పెడు సందు వదిలి కట్టండి, లేకపోతే కుడితీ కడుగునీళ్లూ అన్నీ గోడకే. ఇదొక్కటి చేస్తే సగం చావిళ్లలో రెండేళ్లకి తేడా తెలుస్తుంది. పెంటకుప్ప గోడకి ఆనించి వేసుకోవడం మనకు బాగా అలవాటు, దాన్ని కనీసం పది పదిహేనడుగుల దూరం జరపాలి, అదీ పల్లం వైపుకి.

బయటివైపు చూరు రెండడుగులకి తగ్గకుండా ముందుకి రావాలి, కోస్తాలో మూడు. చూరు నీళ్లు పడే చోట రెండడుగుల వెడల్పున మట్టి తీసి కంకర పోయండి, నీళ్లు చిమ్మకుండా ఇంకుతాయి, అక్కడ్నించి గోడకి దూరంగా వాలు. సిమెంటు గచ్చు చేయిస్తామంటారు కొందరు. గచ్చు మీద పడిన చుక్క ఇంకా ఎత్తుకి ఎగిరి గోడకే కొడుతుంది, గచ్చు కింద ఆరలేని నేల తడి కూడా గోడనే దారిగా పట్టుకుంటుంది.

కొత్తగా కడుతుంటే పునాది మీద డీపీసీ, అంటే నేల తడి గోడలోకి ఎక్కకుండా ఆపే పొర, ఎగ్గొట్టనివ్వకండి. ఇటుక పేర్చే ముందు గోడ పొడవునా 1:2:4 కాంక్రీటు (సిమెంటు ఒకటి, ఇసుక రెండు, కంకర నాలుగు పాళ్లు) ఒకటిన్నర రెండంగుళాల మందం, వాటర్‌ప్రూఫింగ్ పొడి కలిపి, పైన తారు పూత. కడప బండలు దొరికే చోట బండలు అతుకులు మూసి పరిచినా తడి ఎక్కదు. కట్టేసిన గోడకి ఇది పెట్టడం కష్టం. గోడకి వరసగా రంధ్రాలు చేసి, తడి ఎక్కకుండా ఆపే సిలేన్ అనే మందు ఎక్కించే పద్ధతి ఉంది, తొమ్మిదంగుళాల ఇటుక గోడకి పర్వాలేదు, గుండ్రాళ్లు మట్టి కలిపి కట్టిన పాత గోడలో మందు ఏ సందులోకి పోతుందో చెప్పలేం. అలాంటి గోడకి తడి రాకుండా ఆపడం కన్నా వచ్చిన తడి వచ్చినట్టు ఆరిపోయేలా చేయడమే దారి.

గీకడం, ఆరబెట్టడం, మళ్లీ పూయడం

సిమెంటు ప్లాస్టరు తడిని లోపల బంధించేస్తుంది, ఆరే దారి లేక తడి ఇంకా పైకి ఎక్కుతుంది. అందుకే రెండడుగుల తడి గోడకి సిమెంటు పూస్తే రెండేళ్లలో నాలుగడుగుల తడి అవుతుంది. సంక్రాంతి అయ్యాక పని మొదలుపెట్టండి. తడి గీతకి పైన ఇంకో అడుగున్నర దాకా సిమెంటు ప్లాస్టరు మొత్తం చెక్కేయండి, ఇటుకల మధ్య మెత్తబడిన కూర్పు కూడా అంగుళం లోతు గీకండి. రాలిన చెత్తని అక్కడే నేలమీద వదలకండి, అందులో నిండా ఉప్పే, ఎత్తి దూరంగా పారేయండి. ఆ తర్వాత పొడి చీపురుతో గోడ ఊడవాలి, ఎంత మురికిగా కనిపించినా నీళ్లు కొట్టొద్దు, నీళ్లు కొడితే ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది. వారం పది రోజులకి మళ్లీ తెల్లగా పూస్తుంది, మళ్లీ ఊడవండి. ఉప్పు మరీ ఎక్కువైతే బంకమట్టి, ఇసుక, చిన్నగా తరిగిన గడ్డి కలిపి మెత్తటి ముద్ద చేసి అంగుళం మందాన పట్టించి, అది పూర్తిగా ఎండి బీటలు వారాక ఊడగొట్టేయండి, గోడలో ఉప్పు దానిలోకి వచ్చేస్తుంది. రెండుసార్లు చేస్తే ఇంకా మంచిది.

ఇక ఆరనివ్వడమే. ఈ ఓపికే ఎవరికీ ఉండదు. తొమ్మిదంగుళాల గోడ వారంలో ఆరదు, పైపైన ఎండినట్టు కనిపిస్తుంది అంతే, అడుగున్నర మట్టి గోడ అయితే వేసవంతా కావాలి. వేసవి ఎండలు మనకి దొరికిన పెద్ద డ్రయ్యరు, వాడుకోండి. మృగశిరకి ముందు, తొలకరి పడకముందే పూత పూర్తి కావాలి. చివరి పూతకీ మొదటి పెద్ద వానకీ మధ్య రెండు మూడు వారాల గడువు పెట్టుకోండి.

పూతకి సున్నమే. ఒకటికి మూడు ఇసుక, తడి తగిలే అడుగు భాగానికి ఇసుకలో కొంత తగ్గించి మెత్తటి ఇటుక పొడి కలపండి, సున్నం ఇటుక పొడితో కలిసి తడిలోనూ గట్టిపడుతుంది. దొరికితే గానుగ సున్నం, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపే పాత పద్ధతి తెలిసిన మేస్త్రీ ఉంటే అదృష్టం, లేకపోతే బస్తా సున్నమైనా ముందు రోజు నానబెట్టి వాడండి. ఒకేసారి మందంగా వేయకుండా అర అంగుళం లోపు పొరలుగా వేయాలి, ఒక పొర గట్టిపడ్డాక ఇంకోటి, ఎండ నేరుగా కొట్టకుండా తడి గోనె పట్టాలు వేలాడదీసి నాలుగైదు రోజులు కాపాడాలి. ఆ మండుటెండల్లో ఇది చేయకపోతే సున్నం పొడిలా రాలుతుంది. రాయి సున్నం నీళ్లు పోసి విరగబెట్టేటప్పుడు అది కుతకుత ఉడుకుతుంది, కళ్లద్దాలు లేకుండా వంగి చూడొద్దు, పిల్లలూ దూడలూ దగ్గరికి రానివ్వద్దు.

మట్టి గోడకి మట్టి పూతే వేయండి. మట్టి, పేడ, వరి పొట్టు కలిపి నీళ్లు పోసి నాలుగైదు రోజులు మాగనిచ్చి, కాళ్లతో తొక్కి పూస్తే చాలు, ఏటా సంక్రాంతికి పండగ పేరుతో అలికేస్తాం కాబట్టి నిర్వహణ కూడా అందులోనే అయిపోతుంది. పైన వెల్ల వేయండి, ప్లాస్టిక్ ఎమల్షన్ మాత్రం వద్దు. ఇక ఇటుక గోడకి లోపల పూసిన సున్నం పూత తడి ఉన్నచోట ఐదారేళ్లకి పాడై రాలుతుంది, అప్పుడు గీకి మళ్లీ వేయాల్సిందే. దాన్ని తప్పుగా చూడకండి, ఉప్పు పూతలో పేరుకుని పూత పోతోంది, ఇటుక మిగులుతోంది.

గోడకి నిజంగా ఇన్సులేషన్ కావాల్సిన చోటు ఒకటే ఉంది, పడమటి గోడ. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా ఎండ దాన్ని నేరుగా కొడుతుంది, ఇటుక ఆ వేడి దాచుకుని రాత్రి తొమ్మిది పది దాకా లోపలికి వదులుతుంది. దానికి లోపల షీట్లు కొట్టడం దండగ, వేడి గోడలోకి ఎక్కాక ఏం ఆపుతాం. బయటే ఎండ పడకుండా చూడాలి. గోడకి జానెడు దూరంలో గుంజలు పాతి కొబ్బరి మట్టల దడి కట్టండి, మధ్యలో గాలి ఆడుతుంది కాబట్టి వాన తడి కూడా ఆరుతుంది. మునగో అవిసో వేసుకుంటే నీడకి నీడ, మేతకి మేత, కాకపోతే గోడకి ఆరేడడుగుల దూరంలో వేయండి. గడ్డివాముని పడమటి గోడకి ఆనించి వేసి ఇన్సులేషన్ అని సంబరపడేవాళ్లు ఉన్నారు, ఆ గోడ ఆరదు, నిప్పంటుకుంటే గొడ్లని విప్పే టైము కూడా ఉండదు.

ఆ నిప్పు సంగతి వచ్చింది కాబట్టి వైరింగు. గడ్డి కప్పో తడిక సీలింగో పెట్టాక కరెంటు వైరు దాన్ని తాకుతూ పోకూడదు. ఇనుప పైపులోంచి తీసుకెళ్లి, ఆ పైపుకి ఎర్త్ ఇచ్చి, అతుకులు లేకుండా ఒకే వైరు వేయించండి, బల్బులు తడికకి రెండడుగులు కిందకి దించండి, బోర్డులో ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు, ఒకటి పెట్టించండి, ఎందుకంటే తడి నేలమీద నాలుగు కాళ్లతో నిలబడే పశువుకి మనిషి తట్టుకునే షాక్ కూడా ప్రాణం తీస్తుంది. సీలింగులో ఎలుకలు చేరతాయి, వైర్లు కొరుకుతాయి, అందుకని ఏటా ఎండలు ముదరకముందు ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి పైకెక్కించి చూపించుకోండి.